తనను తాను మరచిపోవడం త్యాగమేనా?

చామోర్షి పరిసర గ్రామాలలో వేసవి వస్తే ఇప్పపువ్వు ఏరడం, ఆ తరువాత తునికాకు కోయడం, వానలు పడితే వరినాట్లు. ఈ పనులన్నింటిలోనూ స్త్రీల శ్రమ అధికం. ఇల్లు చేరిన తరువాత వంట, పిల్లలు, పశువులు ఉండనే ఉన్నాయి. అందరూ భుజించిన పిదప గిన్నెలో మిగిలినదే ఇల్లాలి భోజనం. నడుము నొప్పి, నీరసం, అధిక రక్తస్రావం వంటి బాధలున్నా, ఆడజన్మకు ఇవి తప్పవనుకొని ఆమె ఊరుకొంటుంది. ఇంటివారు దానిని ఓర్పు అంటారు. క్రైస్తవ కుటుంబాలలో దానినే భక్తి అని మెచ్చుకొనేవారూ ఉన్నారు. క్రీస్తు బోధ నిజంగా ఇదేనా?

ఈ మౌనం ఎంత లోతైనదో గడ్చిరోలి జిల్లాయే లోకానికి తెలియజేసింది. వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో ఈ జిల్లాలో ‘సెర్చ్’ సంస్థను స్థాపించారు. జిల్లాలోని రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి, ఆ ఫలితాలను 1989 జనవరిలో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉన్నట్లు తేలింది. తమకు బాధ ఉన్నదని చెప్పినవారు 55 శాతం మాత్రమే. అంతకు పూర్వం ఎన్నడైనా ఇటువంటి పరీక్ష చేయించుకొన్నవారు సుమారు 8 శాతం. అంటే నూటికి తొంభై మందికి పైగా వ్యాధిని మోస్తూనే పొలానికీ అడవికీ వెళ్ళి వచ్చారన్న మాట.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఇటువంటి స్త్రీ ఒకరు కనిపిస్తారు. ఆమె 12 సంవత్సరాలు రక్తస్రావంతో బాధపడింది. తనకున్నదంతా వైద్యులకు వ్యయం చేసినా గుణం కనబడలేదు. నాటి ఆచారం అట్టి స్త్రీని అపవిత్రురాలిగా ఎంచేది. కనుకనే ఆమె జనసమూహంలో వెనుక నుండి వచ్చి, రహస్యంగా యేసు వస్త్రాన్ని ముట్టింది. ఆ సమయంలో ప్రభువు యాయీరు అనే సమాజమందిరపు అధికారి ఇంటికి వెళ్తున్నాడు. ఆయన కుమార్తె మరణావస్థలో ఉంది. అంతటి తొందరలోనూ ప్రభువు ఆగాడు. ఆమె భయపడుతూ సంగతంతా చెప్పగా విన్నాడు. ఆమెను గద్దించలేదు, ‘కుమార్తె’ అని సంబోధించాడు. పెద్ద ఇంటి బిడ్డ ప్రాణం ఎంత విలువైనదో, పేరైనా తెలియని ఈ స్త్రీ దేహం కూడా అంతే విలువైనదని ఆ ఒక్క పిలుపు చాటింది.

అదే అధ్యాయం చివర యాయీరు కుమార్తె తిరిగి లేచింది. వెంటనే ఆమెకు ఆహారం పెట్టమని ప్రభువు ఆజ్ఞాపించాడు. అద్భుతం జరిగిన ఇంట కూడా అన్నం అవసరమే. ఏలీయా ప్రవక్త విసిగి మరణాన్ని కోరుకొన్నప్పుడు కూడా దేవదూత ముందుగా ఉపదేశించలేదు. ఆయనను నిద్రపోనిచ్చి, రెండుసార్లు లేపి, భోజనం, నీళ్ళు ఇచ్చాడు.

అయితే తన్ను తాను ఉపేక్షించుకొని సిలువ నెత్తుకొమ్మని ప్రభువు చెప్పలేదా అని కొందరు అడుగుతారు. చెప్పాడు. కాని ఆ త్యాగం ఇతరుల మేలు కోసం తెలిసి చేసేది. వ్యాధిని దాచడం వలన ఎవరికి మేలు? తల్లి మంచం పడితే ఇల్లంతా కుంటుపడుతుంది. పొరుగువారిని తనవలె ప్రేమించాలన్న ఆజ్ఞలో ‘తన’ అనేదే కొలపాత్ర. ఆ పాత్ర ఖాళీగా ఉంటే పొరుగువారికి కొలిచి ఇచ్చేదేముంటుంది?

ఈ బాధ్యత స్త్రీ ఒక్కతెది కాదు. భోజనానికి అందరూ కలిసి కూర్చుంటే, ఆమె పళ్ళెంలోనూ పప్పు, కూర ఉంటాయి. నెల తప్పినప్పుడే గాక, నీరసం విడవనప్పుడూ రక్తపరీక్ష చేయించాలి. ఈ జిల్లాలో సికిల్‌సెల్ వ్యాధి కూడా ఉన్నందున, రక్తహీనతకు కారణమేమిటో తెలిసిన పిమ్మటే మందు వాడడం క్షేమం. సిగ్గుపడే సంగతులను మొదట గ్రామంలోని ఆశా కార్యకర్తతో చెప్పుకోవచ్చు. మనోవేదన భరించలేనప్పుడు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. దవాఖానకు వెళ్ళడం ప్రార్థనపై అవిశ్వాసం కాదు. లూకా సువార్త వ్రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడనే పేర్కొన్నాడు.

ఆ స్త్రీ 12 సంవత్సరాల తరువాత నోరు విప్పింది. సరిహద్దు పల్లెలలోని తల్లులు అన్నేళ్ళు ఆగనవసరం లేదు. వారు చెప్పుకొనేందుకు ఇంటివారు ఒక్క క్షణం ఆగి వింటే చాలు. ప్రభువు ఆనాడు దారిలో చేసినది అదే.