పాత డైనమో ఛార్జింగ్ ఇవ్వకపోతే ముందు ఏం చూడాలి?

మన ట్రస్టు విద్యార్థి వేతనం అందుకుంటున్న పిల్లల్లో ఐటీఐ, డిప్లొమా చదివేవారు కూడా ఉన్నారు. వారికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను బళ్ళారిలో చాలా ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పాత ట్రాక్టర్లు, రోడ్డు రోలర్లు ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటాయి. వీటిలో చాలావాటికి ఆల్టర్నేటర్ ఉండదు, డైనమో ఉంటుంది. ఇక్కడ చెప్పేది 12 వోల్టుల లూకాస్ రకం డైనమో గురించి. లూకాస్ బ్రిటన్ కంపెనీ. 1961లో టీవీఎస్ వారితో కలిసి మద్రాసులో లూకాస్ టీవీఎస్ మొదలైంది.

బ్యాటరీ దిగిపోతోందనగానే డైనమో విప్పి రివైండింగుకు పంపడం చాలాచోట్ల అలవాటు. ఒక రోలరుకు అలాగే రెండుసార్లు రివైండింగ్ చేయించారు. అయినా ఛార్జింగ్ రాలేదు. బండి 12 రోజులు ఆగింది. రోజు కూలి మీద బతికే డ్రైవరుకు ఆ 12 రోజులూ కూలి లేదు. అందుకే విప్పేముందు వరుసగా పరీక్ష చేయడం నేర్చుకోవాలి.

ముందు జాగ్రత్త. చక్రాలకు అడ్డు పెట్టండి. ఉంగరం, కడియం, మెడలో తువ్వాలు తీసేయండి. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో చూసి కాగితం మీద రాసుకోండి. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. వైర్లు విప్పేటప్పుడు ముందుగా బ్యాటరీ ఎర్త్ తీగ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివరన బిగించాలి.

మొదటి పరీక్ష బ్యాటరీ, బెల్టు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను వేగం పెంచితే అది పైకి పోవాలి. పోకపోతే ఛార్జింగ్ అందడం లేదు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగితే చాలు. అంతకంటే బాగా దిగితే జారుతున్నట్టే.

రెండోది డైనమో ఒక్కదాన్నే చూడటం. దాని మీద రెండు టెర్మినళ్లు ఉంటాయి. పెద్దది డి, చిన్నది ఎఫ్. ఇంజను ఆపి రెండు వైర్లూ తీసి, డి, ఎఫ్‌లను చిన్న తీగతో కలపండి. మీటరు ఒక కొస ఆ తీగకు, రెండోది డైనమో బాడీకి పెట్టండి. ఇంజను స్టార్ట్ చేసి మెల్లగా వేగం పెంచండి. వోల్టేజి నిలకడగా 15 దాకా ఎక్కితే డైనమో మంచిదే. అక్కడే ఆపేయండి, 20కి పోనివ్వకూడదు. అసలేమీ రాకపోతే బ్రష్షులు, కమ్యుటేటర్ చూడండి. అర నుంచి ఒక వోల్టు దగ్గర ఆగితే ఫీల్డ్ కాయిల్ మీద, 4, 5 వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్ మీద అనుమానం. కమ్యుటేటర్‌ను సన్నటి గాజు కాగితంతో తుడవండి. ఎమెరీ వాడకండి, దాని పొడి కరెంటును పారనిస్తుంది.

మూడోది ఎర్త్. పైన చెప్పిన రోలరులో దొరికింది ఇదే. మీటరు కొస డైనమో బాడీకి పెడితే 15 వోల్టులు వచ్చాయి. అదే కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు పెడితే సరిగా రాలేదు. అంటే డైనమో బాగుంది, దారి తెగింది. బండికి రంగు వేసినప్పుడు బ్రాకెట్‌కూ, బోల్టులకూ దట్టంగా వేశారు. ఆ రంగు మీదే డైనమో బిగించారు. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా తుడిచి బిగించాం. అరగంట పని.

నాలుగోది వైర్లు. డి వైరు పసుపు, ఎఫ్ వైరు పసుపు మీద ఆకుపచ్చ గీత అని లూకాస్ లెక్క. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు మారాయో, రంగును నమ్మకండి. రెండు కొసలూ విప్పి, కంటిన్యుటీ చూస్తూ వైరును అటూ ఇటూ వంచండి. పైకి బాగున్న వైరు లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే రెగ్యులేటర్, కటౌట్ దగ్గరకు రావాలి. కటౌట్ పాయింట్లు సుమారు 12.7 నుంచి 13.3 వోల్టుల మధ్య కలవాలి. ఇంజను ఆగి ఉండగా వాటిని వేలితో నొక్కకండి. బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోయి వైర్లు కాలవచ్చు.

చాలాకాలం మూలపడిన డైనమోలో మిగిలి ఉండాల్సిన అయస్కాంతం పోతుంది. అప్పుడు ఎఫ్ వైరు తీసి, బ్యాటరీలో ఎర్త్ కాని కొస నుంచి ఒక తీగతో డైనమో ఎఫ్ టెర్మినల్‌ను క్షణం తాకించాలి. ఇది లూకాస్ రకానికే. కొన్ని అమెరికన్ యంత్రాల డైనమోల్లో ఫీల్డ్ కలిపే పద్ధతి వేరు, అక్కడ ఇలా చేస్తే రెగ్యులేటర్ కాలవచ్చు. ముందు పేరు ప్లేటు చదవండి.

దీనికి కావలసింది ఒక మల్టీమీటరు, ఒక నోటుపుస్తకం. ప్రతి పరీక్షలో వచ్చిన అంకె రాసుకోండి. ఆ అంకెలు చూపించి మాట్లాడగలిగిన కుర్రవాడికి బండి యజమాని మర్యాద ఇస్తాడు, మళ్లీ పిలుస్తాడు.