మీకు తెలుసా? పాత వ్యాన్‌లో పసుపు లైటు పెట్టే పెట్రోలు లెక్క

కోరుట్ల నుంచి మెట్‌పల్లికో జగిత్యాలకో 63వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే పాత ఈకో వ్యాన్‌లో పసుపు ఇంజన్ లైటు వెలిగిందనుకుందాం. స్కానర్ పెడితే ‘పీ0171’ అని కోడ్ చూపిస్తుంది. గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదు అని దానర్థం. ‘ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నా, మార్చాలె’ అనేది షెడ్డులో తరచూ వినిపించే మొదటి మాట. కానీ ఈ కోడ్ వచ్చినప్పుడు చాలాసార్లు ఆ సెన్సార్ తన పని సరిగ్గానే చేస్తుంటుంది. డబ్బులు పెట్టి కొత్తది వేసినా వారం తిరగకుండానే లైటు మళ్లీ వస్తుంది.

ఆ సెన్సార్‌కు పెట్రోలు కనబడదు. సైలెన్సర్ వైపు పోయే పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ పరికరం 1976లో వోల్వో కార్లతో రోడ్డెక్కింది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఆక్సిజన్ మిగులుతోందని కబురు అందినప్పుడల్లా ఇంజన్ కంప్యూటర్ ఇంజెక్టర్లను ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఈ దిద్దుబాటు పేరు ‘ఫ్యూయల్ ట్రిమ్’. 5 శాతమో, 10 శాతమో అయితే మామూలే. 20, 25 శాతం దాకా పెంచినా పొగలో ఆక్సిజన్ తగ్గకపోతే అప్పుడు లైటు వెలుగుతుంది. అంటే చాలాసార్లు అప్పటికే తేడా మొదలై కొన్ని రోజులై ఉంటుంది.

విదేశీ మినీవ్యాన్ల రిపేరు చూసి నేర్చుకున్నవాళ్లు ముందు వాక్యూమ్ పైపులు వెతుకుతారు. ఆ బండ్లలో చాలావాటికి లోపలికి వచ్చే గాలిని కొలిచే మీటరు ఉంటుంది. మీటరు దాటాక ఎక్కడ పైపు పగిలినా దూరిన గాలి లెక్కలోకి రాదు కాబట్టి వాళ్ల పద్ధతి వాళ్లకు సరైనదే. మన మారుతి చిన్న ఇంజన్లు చాలావరకు మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని చూసి గాలిని అంచనా వేస్తాయి. పైపు లీకైతే ఆ ఒత్తిడి కూడా పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పంపేస్తుంది. అందుకే ఇక్కడ వాక్యూమ్ లీకు ఎక్కువగా ఐడిల్ పెరగడంలో బయటపడుతుంది. బ్రేకు పెడల్ గట్టిపడితే మాత్రం బ్రేకు బూస్టర్‌కు పోయే వాక్యూమ్ పైపును వెంటనే చూడాలి, అది ప్రాణాలతో పని. ఈ ‘పీ0171’ కోడ్‌కైతే ముందు పెట్రోలు దారి పట్టుకోవాలి.

ఆ దారి ట్యాంకులో మొదలవుతుంది. అక్కడ మునిగి ఉండే కరెంటు పంపును చల్లబరిచేది పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే బండిలో, అదీ 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండల్లో, పంపు త్వరగా అరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు బండి బాగానే ఉంటుంది. మనుషులు నిండాక ఎక్కుడు మీద ‘గుంజుతలేదు’ అని డ్రైవరు అంటాడు. ట్రిమ్ అంకె ఐడిల్‌లో మామూలుగా ఉండి, లోడ్ పడ్డప్పుడు పైకి ఎగబాకితే పంపునో ఫిల్టర్‌నో అనుమానించాలి. ప్రెషర్ గేజ్ పెడితే తేలిపోతుంది. సెన్సార్ కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించమని ప్రతి వ్యాన్ ఓనరునూ బతిమాలాలనిపిస్తుంది.

గ్యాస్ కిట్ ఉన్న వ్యాన్లది ఇంకో బాధ. నెలల తరబడి ఎల్‌పీజీ మీదే తిప్పితే పెట్రోలు ఇంజెక్టర్లు ఊరికే ఉండి జిగురు పట్టేస్తాయి. తిరిగి పెట్రోలుకు మార్చగానే లైటు.

ఇప్పుడు ఇథనాల్ కూడా ఈ లెక్కలోకి వచ్చింది. ఒక గ్రాము ఇథనాల్‌కు 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం కలిసిన పెట్రోలుకు ఆ 14.7 కాస్తా దాదాపు 13.5కు దిగుతుంది, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ దీన్ని సర్దుకుంటుంది. పంపు నీరసించి ట్రిమ్ ముందే 15 దాటిన పాత బండికి మాత్రం ఆ కొంచెమే హద్దు దాటిస్తుంది.

సెన్సార్‌కు ముందున్న పైపు చిల్లుపడినా, ఒక ప్లగ్గు మిస్సింగ్ కొట్టినా పొగలో ఆక్సిజన్ కనబడుతుంది. పెట్రోలు సరిపోయినా కోడ్ ఇదే రావచ్చు. ఓమ్నీ, ఈకో రెండింటిలోనూ ఇంజన్ ముందు సీట్ల కిందే కాబట్టి ఆ వేడికి రబ్బరు పైపులు బిరుసెక్కి పగులుతాయి. సీటు లేపి చూడండి, ఎలుకలు కొరికిన గుర్తులూ వెతకండి. వేడి ఇంజన్ మీద పెట్రోలో స్ప్రేనో చల్లి లీకు కనిపెట్టే పని మాత్రం వద్దే వద్దు. నిప్పంటుకుంటే అది మనుషులు కూర్చునే చోటే.

బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పేయడమూ తొందరపాటే. కోడ్ పడ్డ క్షణంలో బండి వేగం, ఇంజన్ తిరుగుడు, వేడి, లోడ్ ఎంతున్నాయో కంప్యూటర్ ‘ఫ్రీజ్ ఫ్రేమ్’గా దాచిపెడుతుంది. మెట్‌పల్లి బస్టాండులో ఆగి ఉన్నప్పుడు పడిందా, నిండు లోడుతో ఎక్కుడు ఎక్కుతున్నప్పుడు పడిందా అన్నది ఆ అంకెలను బట్టి తెలుస్తుంది. వైరు పీకితే అవి చెరిగిపోవచ్చు. ముందు వాటిని ఫోన్‌లో ఫొటో తీసుకుని మెకానిక్‌కు చూపించండి.