ఒడ్డెక్కే ఓడ

మక్తల్ దగ్గరి పంచదేవ్‌పహాడ్ నుంచి కృష్ణానది మధ్యలో ఉన్న కురువపురానికి వెళ్లే దత్త భక్తులకు పుట్టి ప్రయాణం బాగా తెలుసు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్టా బిగించి, తారు పూసిన పెద్ద గంప అది. నిండా మనుషులు ఎక్కినా లోతుగా మునగదు. ఒడ్డు చేరగానే ఇసుక మీద ఒరుసుకుంటూ ఆగుతుంది. మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగకుండానే గట్టెక్కవచ్చు. ఓడకు రేవు కావాలి, పుట్టికి ఒడ్డు ఉంటే చాలు.

పుట్టి చేసే ఈ పనిని వందల టన్నుల బరువుతో సముద్రం మీద చేయించాల్సిన అవసరం రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరం నుంచి బ్రిటిష్ సైనికులు ప్రాణాలతో బయటపడ్డారు కానీ, వాళ్ల ట్యాంకులు, లారీలు, ఫిరంగులు అక్కడే ఉండిపోయాయి. మళ్లీ యూరప్ గడ్డ మీద కాలు పెట్టాలంటే అంత బరువైన సరంజామాను రేవుల్లో దింపే వీలు లేదు, రేవులన్నీ శత్రువు చేతిలో ఉన్నాయి. మిగిలిన దారి ఒక్కటే, ఇసుక తీరం. అందుకోసం పుట్టిందే ల్యాండింగ్ షిప్ ట్యాంక్, క్లుప్తంగా ఎల్‌ఎస్‌టీ.

బ్రిటన్ మొదట వెనిజులా వైపు చూసింది. అక్కడి మారకైబో సరస్సు ముఖద్వారంలో లోతు తక్కువ. అందుకే అక్కడ చమురు మోసే ఓడలను తక్కువ మునిగేలా కట్టేవారు. అలాంటి మూడింటిని తెచ్చి, ముందు భాగం కోసి తలుపులు పెట్టారు. 1941 నవంబరులో అమెరికా నౌకాదళ ఇంజినీరు జాన్ నీడర్‌మేర్ సరికొత్త నమూనా గీశారు. ఆ నమూనాతో అమెరికా వెయ్యికి పైగా ఓడలు కట్టింది.

ఆయన ముందున్న చిక్కును మన లెక్కలోనే చూద్దాం. ఓడ పొడవు సుమారు 100 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. అడుగు బల్లపరుపు. అంటే నీటి మీద పరుచుకున్న వైశాల్యం దాదాపు 1,500 చదరపు మీటర్లు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు నెడుతుందని ఆర్కిమెడిస్ చెప్పాడు. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను. కాబట్టి ఈ ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే సుమారు 15 టన్నుల బరువు ఎక్కాలి. 30 టన్నుల యుద్ధ ట్యాంకు ఎక్కితే రెండంటే రెండు సెంటీమీటర్లు దిగుతుంది. పుట్టి రహస్యం కూడా ఇదే. అడుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటే మునక అంత తక్కువ.

కానీ బల్లపరుపు అడుగు లోతు సముద్రంలో నిలకడగా ఉండదు, అలలకు ఊగిపోతుంది. అందుకని ఓడ అడుగున తొట్లు కట్టారు. నడిసముద్రంలో వాటిలోకి సముద్రపు నీరు ఎక్కించి ఓడను బరువు చేస్తారు. తీరం దగ్గర పడగానే పంపులతో ఆ నీటిని తోడేస్తారు. ఓడ తేలికై పైకి లేస్తుంది. ముందు భాగం సుమారు 1.2 మీటర్లు, వెనుక భాగం సుమారు 3 మీటర్లు మునిగి ఉండేలా సర్దుకుని మెల్లగా ఇసుక మీదికి ఎక్కుతుంది. ముందున్న రెండు తలుపులు తెరుచుకుంటాయి, ర్యాంపు కిందికి వాలుతుంది. వరికోతల కాలంలో మిర్యాలగూడ వైపు హార్వెస్టర్‌ను లారీ మీద నుంచి దింపడం చూసినవారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

మరి తిరిగి వెళ్లేదెలా? ఒడ్డు చేరడానికి కొంచెం ముందే వెనుక వైపు నుంచి ఒక లంగరు సముద్రంలోకి వదులుతారు. దాని తాడును విప్పుకుంటూ ఓడ ముందుకు సాగుతుంది. సరుకు దిగి తేలికయ్యాక అదే తాడును యంత్రంతో చుట్టుకుంటూ తనను తాను వెనక్కి లాక్కుంటుంది.

యుద్ధం చివర్లో బ్రిటన్ తన సొంత రకం ఎల్‌ఎస్‌టీలు కట్టింది. వాటిలో 3011 నంబరు ఓడకు తర్వాత అవెంజర్ అని పేరు పెట్టారు. 1949లో అది భారత నౌకాదళానికి వచ్చి ‘మగర్’ అయింది. మగర్ అంటే హిందీలో మొసలి. మొసలికి నీళ్లలో ఉన్న బలం గట్టు మీద ఉండదంటాం. ఈ ఓడ మాత్రం నీళ్లు, గట్టు కలిసేచోట పనిచేయడానికే పుట్టింది. ఆవిరి యంత్రాలతో గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో నడిచే ఆ ముసలి నౌక 1971 భారత్-పాక్ యుద్ధం నాటికీ విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళంలో ఉంది. దానికి తోడుగా పోలండ్‌లో కట్టిన ఘడియాల్, గుల్దార్ అనే చిన్న ల్యాండింగ్ షిప్పులు కూడా ఉన్నాయి.

ఆ డిసెంబరులో, యుద్ధం ముగింపుకొచ్చిన రోజుల్లో, నేటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ తీరంలో గూర్ఖా సైనికులను దింపడానికి ‘ఆపరేషన్ బీవర్’ జరిగింది. అక్కడ శత్రువు కన్నా ఇసుకే పెద్ద అడ్డంకి అయింది. ముందు తక్కువ, వెనుక ఎక్కువ మునగడం వల్ల ఎల్‌ఎస్‌టీ అడుగు వాలు సుమారు 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఉంటుంది. తీరం కూడా అదే వాలులో ఉంటే ఓడ ఇసుక మీద చక్కగా కూర్చుంటుంది. తీరం మరీ చదునుగా ఉంటే, ఉదాహరణకు 200 మీటర్లకు ఒక మీటరు వాలు ఉంటే, ఓడ వెనుక భాగం ఒడ్డుకు 600 మీటర్ల దూరంలోనే నేలను తాకుతుంది. అప్పుడు ముందు తలుపు దగ్గర ఇంకా రెండున్నర మీటర్ల లోతు ఉంటుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది నీటి అడుగున దాగిన ఇసుక తిన్నె. ఓడ తిన్నె మీద ఆగుతుంది, ఒడ్డు వచ్చిందనిపిస్తుంది. కానీ తిన్నెకూ ఒడ్డుకూ నడుమ లోతైన పాయ ఉంటుంది. ఘడియాల్ అలాంటి తిన్నె మీదే ఆగింది. సామాను మోస్తూ దిగిన జవాన్లకు కాళ్లు అందలేదు. కొందరు మునిగి ప్రాణాలు కోల్పోయారు. మిగిలినవారిని దింపడానికి చివరికి చిన్న పడవలే దిక్కయ్యాయి. ఓడ చేయలేని పని పుట్టి లాంటి పడవ చేసింది.

ఆ తర్వాత ‘మగర్’ పేరు కొత్త ఓడకు వచ్చింది. కోల్‌కతాలో కట్టిన రెండో మగర్ 1987లో నౌకాదళంలో చేరింది. 2007లో అమెరికా నుంచి విశాఖకు వచ్చిన జలాశ్వ అనే నౌకది మరో పద్ధతి. అది ఒడ్డెక్కదు. వెనుక భాగంలోకి నీరు నింపుకుని, తన కడుపులోని చిన్న పడవలను తేలించి బయటికి పంపుతుంది. కరోనా కాలంలో 2020 మేలో మాల్దీవుల నుంచి జలాశ్వ 698 మందిని, మగర్ 202 మందిని కొచ్చి చేర్చాయి. యుద్ధంలో సైన్యాన్ని దింపడానికి చేసిన విశాలమైన కడుపే ఆపదలో మన మనుషులను ఇంటికి చేర్చింది. 36 ఏళ్లు పనిచేసిన మగర్ 2023 మే 6న కొచ్చిలో సెలవు తీసుకుంది.

సముద్రం తెలంగాణకు దూరమే. కాక్స్ బజార్ నేర్పిన పాఠం మాత్రం మన పక్కనే ఉంది. కృష్ణ, మూసీ నదుల్లో, దుందుభి వాగులో ఇసుక తవ్విన చోట నీటి అడుగున గుంతలు మిగిలిపోతాయి. పది అడుగుల దాకా మోకాలి లోతే ఉంటుంది, పదకొండో అడుగు వేసేసరికి నేల ఉండదు. ఈత సరదాకు దిగిన పిల్లలు అలాంటి చోట్ల ఊపిరి వదులుతుంటారు. నీటి పైభాగం చూసి అడుగుభాగాన్ని అంచనా వేయలేం. నౌకాదళం కూడా తీరం లోతు కొలిచాకే ఓడను ఒడ్డెక్కిస్తుంది.  మీ పిల్లలకు ఈత నేర్పండి. దానికన్నా ముందు, తెలియని నీటిలో లోతు చూడకుండా దిగకూడదని నేర్పండి.