గళ్ళ కాగితముపై నేర్చిన విద్య

1982వ సంవత్సరమున టెలిఫోను మ్రోగిన వేళ సూసన్ కేర్ అను అమెరికా శిల్పి లోహమును అతుకుచు, నిలువెత్తు అడవిపంది విగ్రహమును నిర్మించుచుండెను. పిలిచినవాడు చిన్ననాటి సహాధ్యాయి ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్. ఆపిల్ సంస్థ తయారుచేయుచున్న మెకింటాష్ కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయువారిలో అతడొకడు. తెరపై నిలుపుటకు కొన్ని చిన్న బొమ్మలు కావలెనని అతని కోరిక. లలితకళలలో డాక్టరేటు పొందిన ఆ విదుషికి కంప్యూటరు చిత్రముల సంగతి ఏమియు తెలియదు.

మిత్రుడు చెప్పిన ఉపాయము మిక్కిలి చౌకయైనది. రెండున్నర డాలర్ల గళ్ళ పుస్తకమొకటి కొని, అడ్డముగా 32, నిలువుగా 32 గళ్ళు గుర్తించుకొని, ఒక్కొక్క గడిని నలుపుటయో విడిచిపెట్టుటయో చేయవలెను. మొత్తము 1024 గళ్ళు. నలుపు, తెలుపు తప్ప నడిమి రంగు లేదు. వాకిట చుక్కలు పెట్టి ముగ్గు తీర్చు గృహిణికి ఇట్టి నియమము వింతగా తోచదు. అయితే ముగ్గున గీత వంపు తిరుగవచ్చును. ఇచ్చట వంపు సైతము మెట్లు మెట్లుగానే రావలెను. దారపు కుట్టు, రంగురాళ్ళ కూర్పు ఆమెకు పూర్వమే అలవాటైన పనులు. ఆ అలవాటే అక్కరకు వచ్చినది.

‘కత్తిరించు’ అను ఆజ్ఞకు కత్తెర, ‘అంటించు’ అనుదానికి వ్రేలు, చిత్రలేఖనమునకు కుంచె. ఇట్టి బొమ్మ దారిప్రక్కన పాతిన గుర్తువలె ఉండవలెనే గాని చిత్తరువువలె ఉండరాదని ఆమె గ్రహించెను. శిల్పికి ఇది కష్టమైన పాఠమే. నేర్పు చూపవలెనను కోరికను అణచుకొనవలెను గదా!

ఆజ్ఞల పట్టికలో సంస్థవారి ఆపిల్ గుర్తు అడుగడుగున కనబడుట చూచి స్టీవ్ జాబ్స్ మండిపడెను. దానికి బదులు గుర్తొకటి కావలసివచ్చినది. కేర్ గుర్తుల నిఘంటువు నొకదానిని తిరగవేసి, స్వీడనులో దర్శనీయ స్థలములను సూచించు నాలుగు మూలల చుట్టల చతురస్రమును ఎన్నుకొనెను. అది నేటికిని ఆ సంస్థ కీబోర్డులపై ఉన్నది.

యంత్రము స్తంభించినపుడు చూపుటకు ఆమె ఒత్తి వెలుగుచున్న బాంబు బొమ్మను గీచెను. అది ఎవ్వరి కంటను పడబోదని ప్రోగ్రాములవారు అభయమిచ్చిరి. తమ నిర్మాణముపై నిర్మాతలకుండు నమ్మకమట్టిది! మెకింటాష్ 1984 జనవరి 24న వెలువడెను. బాంబును జనము చూడనే చూచిరి. తన కంప్యూటరు నిజముగా పేలిపోవునేమో యని భీతిల్లి ఒక మహిళ సంస్థకు ఫోను చేసెను.