వయోజనులలో ఏ.డి.హెచ్.డి. - ఇతర మానసిక రుగ్మతలు

అవధాన లోప, అతిచురుకుదన రుగ్మత (ఏ.డి.హెచ్.డి.) అనేది బాల్యంలో మొదలయ్యే నాడీ వికాస సంబంధమైన రుగ్మత. చాలామందిలో ఇది పెద్ద వయస్సులో కూడా కొనసాగుతుంది. ఏకాగ్రత నిలవకపోవడం, చేపట్టిన పని ముగించలేకపోవడం, వస్తువులు పోగొట్టుకోవడం, తొందరపాటు దీని లక్షణాలు. పిల్లలలో కనిపించే పరుగులు, గంతులు పెద్దలలో తగ్గి, లోలోపలి అస్థిమితంగా మిగులుతాయి.

అమెరికాలో జరిగిన జాతీయ సర్వే ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనం 18 - 44 ఏళ్ళ వారిలో సుమారు 4.4 శాతం మందికి ఈ రుగ్మత ఉన్నట్లు అంచనా వేసింది. వీరిలో అనేకులు కుంగుబాటు, ఆందోళన, మత్తు పదార్థాల వ్యసనం వంటి వాటికి చికిత్స పొందినవారే. అయినా అధిక సంఖ్యాకులకు ఏ.డి.హెచ్.డి.కి మాత్రం చికిత్స అందలేదు.

నిర్ధారణలో చిక్కులు

కుంగుబాటులోనూ ఏకాగ్రత తగ్గుతుంది. బైపోలార్ రుగ్మతలోని ఉన్మాద దశలోనూ మాటల వేగం, తొందరపాటు ఉంటాయి. అందుచేత ప్రస్తుత లక్షణాలను మాత్రమే చూస్తే పొరపాటు జరుగుతుంది. కుంగుబాటు, ఉన్మాదం సాధారణంగా దశలుగా వచ్చిపోతాయి, ఏ.డి.హెచ్.డి. బడి రోజుల నుండి ఎడతెగక ఉంటుంది. ఉన్మాద దశలో ఉన్నవారు కొద్దిపాటి నిద్రతోనే అలసట లేకుండా తిరుగుతారు, ఏ.డి.హెచ్.డి. ఉన్నవారికి నిద్ర చాలకపోతే అలసట తప్పదు.

అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 12 ఏళ్ళ లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి (అంతకుముందు ఈ పరిమితి 7 ఏళ్ళు). కాబట్టి తల్లిదండ్రుల, తోబుట్టువుల జ్ఞాపకాలు, పాత ప్రగతి పత్రాలు ఇక్కడ విలువైన ఆధారాలు. ప్రశ్నావళి ఒక్కదానితో తేలే విషయం కాదిది. అల్లరి చేయక పరధ్యానంగా కూర్చున్న పిల్లలు, ముఖ్యంగా బాలికలు, "సోమరి" అనిపించుకొని ఎవరి దృష్టికీ రాకుండా పోతారు. ఏళ్ళ తరబడి ఎదురైన వైఫల్యాలు, నిందలే తరువాతి కుంగుబాటుకు ఒక కారణం కావచ్చు.

చికిత్స

సాధారణంగా తీవ్రమైన రుగ్మతకు ముందు చికిత్స చేస్తారు. మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులు ఉన్మాదాన్ని, భ్రాంతులను ప్రేరేపించగలవు గనుక బైపోలార్ రోగులలో మొదట మనోస్థితిని స్థిరపరుస్తారు. వ్యసనం ఉన్నచోట ఉత్తేజకం కాని ఆటమాక్సెటిన్ వైపు మొగ్గు చూపడం కద్దు. అయితే దీని ప్రభావం పూర్తిగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కుంగుబాటుకు వాడే ఫ్లుయాక్సెటిన్, పారాక్సెటిన్ దీనిని విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైమును అడ్డుకొని రక్తంలో దీని స్థాయిని పెంచుతాయి. అవి వాడుతున్నవారికి ఆటమాక్సెటిన్ మోతాదును నెమ్మదిగా పెంచుతారు.