ఎన్నికల సంవత్సరంలో సమ్మె: 42 రోజుల పాఠం

మన భోగాపురంలో ఒకే విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. మొదటిది 2019 ఫిబ్రవరి 14న, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారి చేతుల మీదుగా. రెండవది 2023 మే 3న, ఆనాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డిగారి చేతుల మీదుగా. మొదటిది జరిగిన రెండు నెలలకు ఎన్నికలు వచ్చాయి. రెండవది జరిగిన ఏడాదికి మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. అంచేత ఓట్ల ఏడు అంటే ఏమిటో మన ప్రాంతంవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

నాయకులు ఓట్లకు ముందు శిలాఫలకం వేస్తే దానిని అభివృద్ధి అంటున్నాం. అదే, నెలజీతం మీద బతికే పేదలు ఓట్లకు ముందు జెండా పట్టుకుని రోడ్డెక్కితే "ఇదంతా రాజకీయం" అని పెదవి విరుస్తున్నాం. ఈ తేడా న్యాయమైనదేనా? 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 వరకు 42 రోజులపాటు మన రాష్ట్రంలో జరిగిన అంగన్‌వాడీ కార్యకర్తల, ఆయాల సమ్మెను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని కొంచెం విచారించాలని నా ఉద్దేశం.

మా మేనత్త అంగన్‌వాడీ కార్యకర్త. సమ్మె రోజుల్లో ఒకనాటి సాయంత్రం ఆవిడ శిబిరం నుంచి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన ఎకసెక్కంగా అడిగాడు: "ఏటమ్మా, ఓట్లొచ్చినప్పుడే మీకు ఆకలేస్తాదేటి?" ఆవిడ చెప్పులు విప్పుతూనే జవాబిచ్చింది: "ఆకలి ఏటేటా ఉంటాది మావా. ఇనీవోడు ఐదేళ్ళకోపాలే వొస్తాడు."

పుస్తకాల్లో పేజీలకొద్దీ రాసే సంగతిని ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. ఈ వ్యాసంలో నేను చెయ్యబోయేదల్లా ఆ రెండు ముక్కలను విప్పి చెప్పడమే.

ఉద్యోగులా, కాదా?

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలయింది. పౌష్టికాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, ఆరోగ్య బోధన ఈ పథకం ఇచ్చే ఆరు సేవలు. వీటిని ఊళ్ళోకి, ఇంటి గుమ్మం దాకా తెచ్చే మనిషి అంగన్‌వాడీ కార్యకర్త. మన రాష్ట్రంలో ఇలాంటి కేంద్రాలు 55 వేలకు పైగా ఉన్నాయి. పని చేసేవారు సుమారు లక్షమంది, అందరూ ఆడవాళ్ళే.

పని ఇంత పెద్దదే గాని వీరికి వచ్చేదానిని జీతం అనరు, "గౌరవ వేతనం" అంటారు. మాటలో గౌరవం ఉంది, వేతనంలోనే లేదు. వీరు ప్రభుత్వ సివిల్ పోస్టుల్లో ఉన్నవారు కారని సుప్రీంకోర్టు 2006లో కర్ణాటక కేసులో చెప్పింది. కాబట్టి పే స్కేలు లేదు, పింఛను లేదు. పోనీ పేదల కింద లెక్క కడతారా అంటే అదీ లేదు. పల్లెల్లో నెలాదాయం 10 వేలు దాటిన కుటుంబానికి సంక్షేమ పథకాలు వర్తించవన్న నిబంధన వల్ల 11,500 తీసుకునే కార్యకర్త వాటికి దూరమయింది. జీతం దగ్గరకు వచ్చేసరికి ఉద్యోగి కాదు, పథకం దగ్గరకు వచ్చేసరికి పేదరాలు కాదు! రెండింటికీ చెడ్డ రేవడి బతుకన్నమాట.

కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరు నుంచి కార్యకర్త గౌరవ వేతనాన్ని 4,500గా నిర్ణయించింది. అందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 2,700 రూపాయలు. తక్కినదంతా రాష్ట్ర ప్రభుత్వం పెట్టుకోవాలి. సమ్మె నాటికి మన రాష్ట్రంలో కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 వస్తుండేది. పేకమిషను లేదు, కరువు భత్యం లెక్క లేదు. అంచేత ఈ అంకె పెరిగినప్పుడల్లా రాజకీయ నిర్ణయం వల్లనే పెరిగింది. 2018లో, అంటే 2019 ఎన్నికలకు ముందు, 10,500 అయింది. 2019 ఎన్నికలలో గెలిచిన పక్షం, తెలంగాణలో ఇచ్చేదానికంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామన్న మాట ప్రకారం 11,500 చేసింది. ఆ తరువాత 2021లో తెలంగాణ 13,650కి పోయింది. మన అంకె మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. "వెయ్యి ఎక్కువ అన్న మాట ఏమయింది?" అన్నది సమ్మెలో ముఖ్యమైన ప్రశ్న.

జీతాన్ని నిర్ణయించేదే రాజకీయం అయినప్పుడు, జీతం అడగడం రాజకీయం కాకుండా ఎలా ఉంటుంది?

మిల్లు సమ్మె వేరు, ఈ సమ్మె వేరు

మన పక్కనే నెల్లిమర్లలో, చిట్టివలసలో జూట్ మిల్లులు వెలిశాయి. వాటి సైరను వింటూ పెరిగిన తరం ఒకటి మన జిల్లాలో ఉంది. మిల్లులో సమ్మె జరిగితే మగ్గం ఆగుతుంది, గోనె ఆగుతుంది, యజమానికి రోజూ నష్టం. కార్మికుడికి కూలి పోతుంది. ఎవరు ముందు తట్టుకోలేకపోతే వారు బేరానికి దిగుతారు. సమ్మె అనే ఆయుధం పనిచేసే తీరు ఇది.

అంగన్‌వాడీలో ఈ సూత్రం పారదు. కేంద్రానికి తాళం పడితే ప్రభుత్వానికి దమ్మిడీ నష్టం లేదు. పైపెచ్చు సమ్మె రోజుల గౌరవ వేతనం మిగులుతుంది. నష్టపోయేది గుడ్డు, పాలు అందని పిల్లలు, గర్భిణులు. ఆ పిల్లలు మళ్ళీ కార్యకర్తల ఇరుగుపొరుగు పిల్లలే. కాబట్టి సమ్మె చేసేవాళ్ళకు ఒకవైపు మనసు పీకుతూనే ఉంటుంది. పిల్లల తల్లులకు వీళ్ళమీద కోపం రావడమూ సహజమే. దాన్ని తీసిపారెయ్యడానికి లేదు.

మరి ఈ యజమాని దేనికి భయపడతాడు? డబ్బు పోతుందని కాదు, ఓటు పోతుందని. ఆ భయం అయిదేళ్ళలో నాలుగేళ్ళు నిద్రపోయి చివరి ఏడాదిలో లేస్తుంది. అంచేత కార్మిక సంఘం తన బలమంతా ఆ ఏడాదికే కూడగట్టుకోవడంలో కుట్రేమీ లేదు. వాన పడ్డప్పుడే నాట్లు వేసుకోవాలని రైతుకు ఎవరైనా చెప్పాలా?

ఆ 42 రోజులు

సమ్మెకు పిలుపునిచ్చినవి సి.ఐ.టి.యు., ఎ.ఐ.టి.యు.సి., ఐ.ఎఫ్.టి.యు. అనుబంధ సంఘాలు మూడూ కలిసి. కోర్కెల్లో ముఖ్యమైనవి: 26 వేల రూపాయల కనీస వేతనం, గ్రాట్యుటీ, మినీ కేంద్రాలను పూర్తి కేంద్రాలుగా మార్చడం, ఫోన్ల యాప్‌ల భారం తగ్గించడం.

గ్రాట్యుటీ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పింది. ఆ చట్టం లెక్క సులభం. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి రావలసింది వస్తుంది. 11,500 మీద 30 ఏళ్ళు పనిచేసిన కార్యకర్తకు ఈ లెక్కన సుమారు 1 లక్షా 99 వేలు రావాలి. 7,000 మీద అన్నేళ్ళూ పనిచేసిన ఆయాకు సుమారు 1 లక్షా 21 వేలు రావాలి. సమ్మెకు ముందు కార్యకర్త ఇంటికి పోయేటప్పుడు ఇచ్చేది 50 వేలు.

డిసెంబరులో సచివాలయ సిబ్బందితో కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఇది 1971 నాటి అత్యవసర సర్వీసుల చట్టం. ఇక్కడ ఒక విడ్డూరం గమనించండి. నిన్నటిదాకా ఉద్యోగులు కారన్నవారి పని, సమ్మె చేసేసరికి ప్రజలకు అత్యవసరమైన సర్వీసు అయిపోయింది! అయినా శిబిరాలు ఎత్తెయ్యలేదు. ముఖ్యమంత్రికి అందజెయ్యడానికి కోటి సంతకాల సేకరణకు పూనుకున్నారు. విజయవాడలో నిరాహార దీక్షలు సాగాయి. తొలగింపు ఉత్తర్వులు వచ్చాయి. జనవరి 22న "చలో విజయవాడ" అన్నారు, దారిపొడుగునా అరెస్టులు జరిగాయి. ఆ రాత్రే మన జిల్లాకు చెందిన మంత్రి బొత్స సత్యనారాయణగారు పాల్గొన్న చర్చల్లో ఒప్పందం కుదిరి సమ్మె ముగిసింది.

ఒప్పందంలో ఏమి వచ్చింది? ఉద్యోగ విరమణ వయసు 60 నుంచి 62కు పెంపు. విరమణ సొమ్ము కార్యకర్తకు 1 లక్షా 20 వేలు, ఆయాకు 60 వేలు. మరి గౌరవ వేతనం మాటేమిటి? జూలైలో పెంచుతాం అన్నారు.

జూలై అన్న మాట

అసలు కిటుకు ఈ ఒక్క మాటలో ఉంది. ఒప్పందం జనవరిలో. ఎన్నికల ప్రకటన మార్చి 16న. ఆ రోజు నుంచి ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చి కొత్త వరాల ప్రకటనలకు తలుపు మూసుకుంటుంది. పోలింగు మే 13న, ఫలితాలు జూన్ 4న. జూలై అంటే వీటన్నిటికీ అవతలి ఒడ్డు. మాట ఇచ్చిన ప్రభుత్వం ఆ ఒడ్డుకు చేరలేదు. ఎన్నికలలో ఓడిపోయింది. కొత్త ప్రభుత్వం వచ్చింది, జూలై నెలా వచ్చింది, పెంపు మాత్రం రాలేదు. 2025లో అంగన్‌వాడీలు మళ్ళీ విజయవాడ దారి పట్టారు.

అంటే సమ్మె ఓడిపోయిందా? అనలేం. వయసు, విరమణ సొమ్ము విషయాల్లో కొంత సాధించారు. అన్నిటికీ మించి, ఎస్మా వచ్చినా కదలకుండా నిలబడగలమని లక్షమంది ఆడవాళ్ళు తెలుసుకున్నారు. కాని ముఖ్యమైన కోర్కె ఓట్లకు అవతలికి జారిపోయింది. సమ్మె ముగిసిన రోజుకూ ఎన్నికల ప్రకటనకూ మధ్య 54 రోజులు ఉన్నాయి. జీ.వో. రావడానికి ఆ వ్యవధి తక్కువేమీ కాదు.

మన ప్రాంతానికి ఇది కొత్త కథ కాదు. 1966లో ఎందరో ప్రాణాలు అర్పించిన ఉద్యమ ఫలితంగా విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆ మార్చిలో లోక్‌సభ ఎన్నికలు. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగేసరికి 1990 వచ్చింది.

జెండా, పార్టీ, ఓటు

"ఈ సంఘాలకు పార్టీలు ఉన్నాయి కదా, వాటికోసమే ఇదంతా" అనేవారున్నారు. సంఘాలకు పార్టీలతో సంబంధం ఉన్నమాట నిజం. బ్రిటన్‌లో కార్మిక సంఘాలు కలిసి 1900లో లేబర్ పార్టీకి పునాది వేశాయి. మన దేశంలో చాలావరకు కథ తిరగబడింది. 1947లో ఐ.ఎన్.టి.యు.సి. కాంగ్రెసు నీడన పుట్టింది. 1970లో సి.ఐ.టి.యు. మార్క్సిస్టు పార్టీ చీలిక తరువాత వచ్చింది. ఇక్కడ పార్టీల వెనుక సంఘాలు నడిచాయి.

కాని 2024 ఫలితాలు చూడండి. ఆ సమ్మెను నడిపిన సంఘాలకు దగ్గరైన వామపక్షాలు కాంగ్రెసుతో కలిసి పోటీ చేసి మన రాష్ట్రంలో ఒక్క స్థానమూ గెలవలేదు. శిబిరంలో ఎర్రజెండా పట్టిన చెయ్యి బూతులో ఎక్కడ నొక్కిందో ఆ చేతికే తెలుసు. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. కూలి కోసం కలిసినవాళ్ళు ఓటు దగ్గర విడివిడిగానే ఉంటారు. సంఘం బలం తన ఓట్లను ఒకరికి మూటగట్టి ఇవ్వడంలో లేదు. ఎవరికి పడతాయో తెలియదన్న అనుమానం అందరిలోనూ నిలపడంలో ఉంది.

మనం నేర్చుకోవలసింది

నా దృష్టిలో ఎన్నికల సంవత్సరంలో కార్మిక సంఘం ముందుంచుకోవలసిన వరస ఇది. పార్టీ కంటే కోర్కె ముందు. మాట కంటే కాగితం ముందు. ఆ కాగితంలోనూ తేదీ, అంకె రెండూ ఉండాలి. ఆ తేదీ పోలింగుకు ఇవతల ఉండాలి. ఓట్ల తరువాత చేస్తానన్న పనిని ఓట్ల తరువాతే నమ్మాలి.

రేపు మనలో కొందరు లెక్చరర్లవుతారు, కొందరు బ్యాంకుల్లో చేరతారు, కొందరు కాంట్రాక్టు ఉద్యోగాలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. "గౌరవ వేతనం" అన్న మాట అంగన్‌వాడీ గుమ్మం దగ్గర ఆగిపోయేది కాదు. అప్పటికి ఇప్పటి ఈ లెక్కలు మనకూ పనికివస్తాయి.

ఇక మా మేనత్త సంగతి. సమ్మె ముగిసిన మర్నాడు పొద్దున్నే ఆవిడ కేంద్రం తాళం తీసి, ఊడ్చి, పిల్లల బరువులు తూచడానికి కూర్చుంది. అరుగుమీది పెద్దాయన మనవడు అందరికంటే ముందు వచ్చాడు. నెలన్నరలో బరువు కొంచెం తగ్గాడు. ఆవిడ ఆ అంకె రాసుకుంది, మాట్లాడలేదు. కార్డు చూసి ఆ పెద్దాయనా ఏమీ అనలేదు. ఆ నష్టానికి బాధ్యులెవరన్నది పాఠకులే ఆలోచించాలి.