గుడారం కింద బంగారం

అన్యాయపు సొమ్ము అచ్చిరాదంటారు పెద్దలు. కానీ చుట్టూ చూస్తే చాలామందికి బాగానే అచ్చొచ్చినట్టు కనిపిస్తుంది! మరి నష్టమెక్కడ? బైబిలు దానికి సూటిగా జవాబు చెబుతుంది.

ప్రొద్దుటూరు అనగానే గుర్తొచ్చేది బంగారం. పులివెందుల అంటే అరటి, చీనీ తోటలు. జమ్మలమడుగు అంటే పక్కనే గండికోట, ఊళ్లో లండన్ మిషన్ వారి చేతుల మీదుగా వెలసిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి. కడప జిల్లాలోని ఈ మూడు ఊళ్లలో పనులు వేరైనా పెట్టుబడి ఒక్కటే... నమ్మకం!

కూతురి పెళ్లికి నగ కొనే తల్లికి అందులో బంగారమెంతో కంటితో చూస్తే తెలియదు. కాటా సరిగ్గా ఉందో లేదో తోట రైతుకు తెలియదు. డాక్టరు రాసిన పరీక్ష అవసరమో కాదో రోగికి తెలియదు. మోసం దూరేది ఆ తెలియని సందులోనే. వంద గ్రాముల నగను 22 క్యారెట్లని చెప్పి 20 క్యారెట్లది అంటగడితే ఎనిమిది గ్రాములకు పైగా బంగారం మాయమైనట్టే. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కును తప్పనిసరి చేసింది ఇందుకే.

ఎవరో మూల్యం చెల్లిస్తారు

యెహోషువ గ్రంథం ఏడో అధ్యాయంలో ఆకాను కథ ఉంది. యెరికో పట్టణం కూలినప్పుడు దేవునికి చెందాల్సిన సొమ్ములో నుంచి ఓ మంచి వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి తీసుకుని గుడారంలో పాతిపెట్టాడు. ఎవరూ చూడలేదు. తర్వాత హాయి అనే చిన్న ఊరి మీదికి వెళ్లిన ఇశ్రాయేలీయులు ఓడిపోయారు. ముప్పై ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఎవరికీ ఆ కమ్మి సంగతి తెలియదు!

అన్యాయార్జన చేసే మొదటి కీడు ఇదే. లాభం ఒకరిది, దెబ్బ మరొకరిది. ఐపీఎల్ వస్తే బెట్టింగ్ కేసుల వార్తలూ వస్తాయి. ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. అయినా గెలిచినవాడి జేబులోకి వచ్చేది కష్టార్జితం కాదు. ఎవరింట్లోనో కట్టాల్సిన ఫీజు, తీర్చాల్సిన అప్పు!

రెండో కీడు సొంత ఇంట్లోనే. ఆకాను బంగారం పాతిన గుడారంలోనే అతని కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు. చివరికి శిక్ష వాళ్లనూ చుట్టుకుంది. ఇప్పుడు అలాంటి శిక్షలు లేకపోవచ్చు. కానీ 'ఈ డబ్బు ఎక్కడిది?' అని భార్య అడగడం మానేసిన రోజున, తూకంలో కొట్టేయడాన్ని కొడుకు తెలివితేటలుగా నేర్చుకున్న రోజున ఆ ఇంటికి జరిగిన నష్టం ఏ ఖాతాలోనూ కనపడదు.

కానుకతో తీరేనా?

కొందరు దీనికో ఉపాయం కనిపెట్టారు. వచ్చినదాంట్లో పదో వంతు చర్చికి ఇచ్చేస్తే మిగతాది శుద్ధి అయిపోతుందని! యేసును అప్పగించినందుకు తీసుకున్న 30 వెండి నాణేలను యూదా విసిరేసి వెళ్తే, వాటిని కానుకల పెట్టెలో వేయడానికి ఆ ప్రధాన యాజకులే ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో కుమ్మరివాని పొలం కొన్నారు.

జక్కయ్య దారి వేరు. ఇతను యెరికోలో పన్నులు వసూలు చేసే అధికారి. యేసు తన ఇంటికి వచ్చినప్పుడు ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అక్కడితో ఆగలేదు. అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. దానం వేరు, బాకీ తీర్చడం వేరని అతనికి తెలుసు.

కొండమీది ప్రసంగం చెప్పేదీ అదే. కానుక తెచ్చినప్పుడు సోదరుడికి నీ మీద ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లమంటాడు యేసు. కాబట్టి ఆదివారం ఆరాధనకు బయల్దేరేముందు కవరులో ఎంత పెట్టాలా అని లెక్కేసుకోవడం తర్వాతి పని. తూకంలో తగ్గించింది ఎవరికి, కూలి ఎగ్గొట్టింది ఎవరికి, వడ్డీ మీద వడ్డీ గుంజింది ఎవరి దగ్గర... ముందు చూడాల్సిన లెక్క ఇది. ఆ ఇల్లు తెలిస్తే, చర్చికన్నా ముందు వెళ్లాల్సింది అక్కడికే.